సూదిరాళ్ల కొండ చెప్పులు

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు హేమాంగదుడు, నడిపివాడు కీర్తిధరుడు, చిన్నవాడు రత్నకేతుడు. చిన్నవాడంటే రాజుకు ప్రాణం. మిగతా ఇద్దరూ కొడుకులే, అంతే.

ఒక మాంత్రికుడు ఆ దేశపు వానలన్నీ కట్టేశాడు. వాడి ప్రాణం ఏడు గుట్టల అవతల, సూదిరాళ్ల కొండ కొమ్మున, ఒక చిలకలో ఉంది.

"చిలకను తెచ్చినవాడికే రాజ్యం, పొరుగురాజు కూతురు మందారవల్లి" అని రాజు చాటించాడు. హేమాంగదుడు మందారవల్లికి ఎప్పుడో మనసిచ్చాడు.

నడిపివాడు కిర్రు చెప్పులు తొడిగి ముందే బయల్దేరాడు. "రాజకుమారుడు వస్తుంటే వినపడొద్దూ?" అన్నాడు. వినపడింది. మాంత్రికుడు అతన్ని రాయిని చేసేశాడు.

హేమాంగదుడు ఒకప్పుడు ఉచ్చులోంచి విడిపించిన కొండమేక ఉంది. కొండెక్కే ఉపాయం దాన్ని అడిగాడు.

"చెప్పులకు కొలత సాయంత్రం ఇవ్వు, అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది. ముందు వేలెడు చోటు ఉంచమను, దిగేటప్పుడు గోళ్లు ఊడవు. కొత్తవి కొండెక్కించకు, ఆముదం రాసి వేసవంతా తొడిగి తిరుగు" అంది మేక.

మూడూ చేశాడు. "అన్నయ్య చెప్పులకు తలంటు పోస్తున్నాడు!" అని చిన్నవాడు నవ్వాడు.

అన్నదమ్ములిద్దరూ బయల్దేరే పొద్దున రాజు, "చిన్నవాడి పాదాలు సున్నితం. ఆ చెప్పులు వాడికివ్వు. నీకేం, మొరటువాడివి" అన్నాడు. హేమాంగదుడు విప్పి ఇచ్చి, ఒట్టి కాళ్లతో నడిచాడు.

ఒకరి పాదానికి మెత్తబడ్డ చెప్పులు మరొకరికి కుదురుతాయా? సగం కొండ ఎక్కేసరికి చిన్నవాడి పాదాలు జారి జారి బొబ్బలెక్కాయి. "దిక్కుమాలిన చెప్పులిచ్చావు" అంటూ కూలబడ్డాడు.

హేమాంగదుడు నెత్తురు కాళ్లతో, చప్పుడు లేకుండా పైకెక్కి చిలక మెడ విరిచాడు. మాంత్రికుడు చచ్చాడు. వాన దిగింది. రాయి లేచి కిర్రుకిర్రుమంటూ ఇంటిదారి పట్టింది.

దిగుతూ హేమాంగదుడు చిన్నతమ్ముణ్ణి భుజాలకెత్తుకున్నాడు. "నాకు రెండు చేతులూ కావాలి. ఈ చిలకను పట్టుకోరా."

కొండ కింద రాజు, జనం పూలదండలతో నిలబడి ఉన్నారు. భుజాల మీద, చేతిలో చిలకతో, రత్నకేతుడు కనిపించాడు. గెలిచినవాణ్ణే కదా భుజాల మీద ఊరేగించేది! జయజయధ్వానాలు చేశారు.

"నిజం చెప్పరా" అన్నాడు హేమాంగదుడు, తలెత్తి.

"ముందు పల్లకి దాకా నడు, అన్నయ్యా."

రత్నకేతుడికి, మందారవల్లికి పెళ్లయింది. నెలకు మూడు వానలు కురిశాయి. వాళ్లు చాలాకాలం సుఖంగా రాజ్యమేలారు. కొండెక్కిన చెప్పులను సభలో వెండిపీట మీద పెట్టారు, జనం దండాలు పెట్టారు. ఏటా వాటికి ఆముదం రాసే పని హేమాంగదుడిది.

ఒకసారి మందారవల్లి అడిగింది: "ఇవి ఆయన పాదాలకు పెద్దవిగా ఉన్నాయేం, బావగారూ?"

హేమాంగదుడు తన పాదాలను పంచె కిందికి లాక్కున్నాడు.

"రాజయ్యాక పాదాలు చిన్నవవుతాయమ్మా."

కథ అంతే. చెప్పులు మాత్రం ఇప్పటికీ మెత్తగానే ఉన్నాయి.