చిటికెన వేలు పిలిచిన పిలుపు

ఒకప్పుడు మనిషి కాలి చిటికెన వేలికి నొప్పి అంటే ఏమిటో తెలియదు. గుమ్మానికి కొట్టుకున్నా తెలియదు, ముల్లు దిగినా తెలియదు. ఆహా, ఎంత హాయి అనుకుంటున్నారేమో. హాయి కాదు, అన్యాయం. అసలు అలాంటి వేలు ఒకటుందని ఒంట్లో ఎవరికీ గుర్తే లేదు.

ఆ రోజుల్లో నరాలన్నీ వెన్నుపూసల దగ్గర కాపురం ఉండేవి. నరం ఇల్లు వదిలి కదలదు. ఉన్నచోటి నుంచే చేయి చాపుతుంది. ఆ చేయి వెంట్రుక కన్నా సన్నగా సాగి సాగి, పిలిచినవాళ్ళ దగ్గరికి చేరుతుంది. పిలుపు రానిదే గడప దాటకూడదని వాటి ఆచారం.

అరచేయి పిలిచింది, వెళ్ళాయి. వేలికొసలు పిలిచాయి, గుంపులు గుంపులుగా వెళ్ళాయి. చంక పిలిచింది. అక్కడికి వెళ్ళినవి ఇప్పటికీ ముట్టుకుంటే చాలు, నవ్వు ఆపుకోలేవు.

చిటికెన వేలు మాత్రం ఎవర్నీ పిలవలేదు. దానికి మహా మొహమాటం. "ఇంత దూరం ఎవరొస్తారులే" అని ఊరుకుంది.

ఒకనాడు ఆ వేలికి తుమ్మముల్లు దిగింది. మనిషికి తెలిస్తేగా. మూడు రోజులు అలాగే తిరిగాడు. వేలు వాచిపోయింది. నాలుగో రోజు నల్లబడటం మొదలైంది. ఇక ప్రాణం మీదికి వచ్చేసరికి మొహమాటం పక్కన పెట్టి, అటుగా వచ్చిన నెత్తుటిని పట్టుకుంది.

"అన్నా, నువ్వు పైకి పోతావుగా. ఒక్కరంటే ఒక్కరిని రమ్మని చెప్పవా? నేను బెల్లం పాకం కాస్తూ కూర్చుంటాను. ఆ వాసన పట్టుకుని వచ్చేయమను. దారి తెలియకపోతే దారిలో ఉన్నవాళ్ళు చెబుతారు."

నెత్తురు మంచివాడు. వెన్ను దాకా వెళ్ళి గడపగడపకూ కబురు చెప్పాడు. "అబ్బో, అంత దూరమా" అని నరాలన్నీ తలుపులు దగ్గరికి వేసుకున్నాయి. సన్నమ్మ అనే పిల్లనరం ఒక్కతే "నేను వెళ్తాను" అంది. వయసు చిన్నది, రోషం మాత్రం పెద్దది.

వెన్ను తాతకి గుండె ఝల్లుమంది. "అమ్మాయ్, ఒంట్లో అంత దూరం ఇంతవరకు ఎవరూ చేయి చాపలేదు. నీ ఇంట్లో ఉన్న తిండి కాస్తే. అది అయిపోయేలోగా వేలు పెట్టే ముద్ద నీ చేతికి అందాలి. అందకపోతే ఎండిపోతావు. తెలుసుగా?"

"తెలుసు తాతా. కానీ పాపం, పిలిచింది కదా" అంది సన్నమ్మ.

ఆమె చేయి బయలుదేరింది. చివర బుల్లి అరచేయి, దానికి బుల్లి వేళ్ళు. కళ్ళు లేవు కాబట్టి తడుముకుంటూ, వాసన చూసుకుంటూ పోవాలి. తొడ దారి సాఫీగానే సాగింది. మోకాలి దగ్గరికి రాగానే మోకాలిచిప్ప గట్టిగా అంది.

"ఇటు రాకు. చెయ్యి వెనక్కి తీసుకో."

సన్నమ్మకి ఒళ్ళు మండింది. "పిలిస్తేనే వచ్చానండీ. ఊరికే రాలేదు."

"ఎవరు పిలిచినా సరే. ఇటు రావద్దు."

అంతే. సన్నమ్మ పిడికిలి బిగించి అక్కడే ఆగిపోయింది. పిలిచి ఇంత మాటంటారా అని అలిగింది. ఒక పూట గడిచింది. రెండు పూటలు గడిచాయి. ఇంట్లో తిండి సగానికి సగం తరిగింది. అటు వేలు ఇంకాస్త నల్లబడింది.

తాత ఉండబట్టలేక అడిగాడు. "ఏమ్మా, ఆగిపోయావేం?"

"వద్దన్నారు తాతా. మొహం మీదే అన్నారు."

"ఎటు వద్దన్నారు?"

"ఇటు."

"అటు కూడా వద్దన్నారా?"

ఆ సంగతి సన్నమ్మకు తట్టనే లేదు.

"పిచ్చితల్లీ, ఆ గట్టి చిప్పలో దూరితే ఇరుక్కుపోతావని చెప్పింది. దాని గొంతే అంత. రమ్మనేవాళ్ళూ దారి చెబుతారు, వద్దనేవాళ్ళూ దారి చెబుతారు. పిడికిలి విప్పు."

సన్నమ్మ సిగ్గుపడుతూ పిడికిలి విప్పి, మోకాలి వెనక వైపు తడిమింది. అక్కడ మెత్తటి సందు ఉంది. ఆ సందు దాటగానే పిక్క మామ ఎదురొచ్చాడు.

"ఇటేనమ్మా, ఇటే. నిన్నటి నుంచి నీకోసమే చూస్తున్నాను."

అప్పుడు తగిలింది వాసన, లీలగా. జానెడు దూరం పోయేసరికి ఇంకాస్త. చీలమండ దాటేసరికి అచ్చంగా బెల్లం పాకమే. "ఇటు రాకు" అని మడమ కసిరితే, ఈసారి సన్నమ్మ "సరే పిన్నీ" అని నవ్వి పక్కకు తిరిగింది.

ఇంతలో ఇంట్లో ఆఖరి మెతుకు అయిపోయింది. ఇంకా గోరంత దూరం ఉంది.

చిటికెన వేలికీ ఓపిక లేదు. అయినా పాకం కలపడం ఆపలేదు. "ఎవరైనా వస్తున్నారా?" అని నీరసంగా అడిగింది.

"వచ్చాను" అంటూ సన్నమ్మ చేయి దాన్ని తాకింది.

వేలు గబగబా ఒక ముద్ద ఆ చేతిలో పెట్టింది. ఆ ముద్ద కాలంతా ఎక్కి, నడుం దాటి, సన్నమ్మ ఇంటికి చేరాలి. తాత ఊపిరి బిగబట్టి చూశాడు. సన్నమ్మ వాడిపోయి ఉంది. ముద్ద చేరింది. ఆమె ఒక్కసారి పెద్దగా ఊపిరి పీల్చుకుంది. హమ్మయ్య అని తాత కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇక్కడేదో గట్టిగా గుచ్చుకుంటోందే" అంది సన్నమ్మ.

"అదేనమ్మా, ముల్లు."

సన్నమ్మ ఆ కబురు పైకి పంపింది. ఆ మనిషి "అబ్బా" అంటూ ఉన్నచోటే కూలబడ్డాడు. కళ్ళు వచ్చి చూశాయి. రెండు చేతులూ పరుగున వచ్చి ముల్లు తీశాయి, వేలిని పట్టుకుని నిమిరాయి. నోరు ఉఫ్ ఉఫ్ అని ఊదింది.

చిటికెన వేలు నమ్మలేకపోయింది. "వీళ్ళంతా నాకోసమే వచ్చారా?" అని మెల్లగా అడిగింది.

"నీకోసమే" అంది సన్నమ్మ.

వేలు ఆ చేతిని మళ్ళీ వదల్లేదు. రోజూ దానికో ముద్ద పెడుతూనే ఉంది.

అప్పటినుంచే చిటికెన వేలు గుమ్మానికి తగిలితే చాలు, ఎంతటి మనిషైనా చేస్తున్న పని వదిలేసి, కింద కూర్చుని, ఆ ఒక్క వేలిని రెండు చేతులతో పట్టుకుంటాడు.