ఎదురువీధి అన్నం

ఒక ఊళ్లో రెండు వీధులు, మధ్యలో గోడ. గోడ లేని రోజుల్లో అక్కడ ఒక ఆచారం ఉండేది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఎదురువీధి వాళ్లు అన్నం వండి తెచ్చి పెట్టాకే ఆ ఇంటి పొయ్యి మళ్లీ రాజుకోవాలి.

తర్వాత ఏదో గొడవ వచ్చింది. ఎందుకొచ్చిందని అడిగితే రెండు వీధులూ చెరో మాట చెబుతాయి. గోడ లేచింది. ఇక చావింటి పొయ్యిలో ఎంత కిరసనాయిలు పోసినా మంట నిలవలేదు. పోనీ పక్కింటివాళ్లు వండి తెస్తే, గిన్నె గడప దాటేసరికి అన్నం మంచులా చల్లబడేది.

డిగ్రీ చదివే ఒక అమ్మాయికి తండ్రి పోయాడు. వాళ్లమ్మ నానబెట్టిన అటుకులు తింటూ చిక్కి సగమైంది. అమ్మ కూడా పోతుందేమోనని ఆ పిల్లకి ఒకటే భయం.

పట్నంలో ఒక దాత ఉన్నాడు. ఊళ్లలో గొడవలు చల్లార్చే కాలేజీ పిల్లలకి డబ్బిస్తాడు. అమ్మాయి వెళ్లేసరికి ఆయనా అటుకులే నములుతున్నాడు.

"డబ్బుతో ఏం చేస్తావమ్మా?"

"గోడకి తలుపు పెట్టిస్తానండీ."

"మంచిది. ఏడాదికి వచ్చి చూస్తాను. తలుపు తెరిచి ఉండాలి."

టేకు తలుపు వచ్చింది. ఏం మనుషులో గానీ, ఇటువాళ్లు ఇటు గడియ పెట్టారు, అటువాళ్లు అటు గడియ పెట్టారు. ఆ రోజు నుంచి పొద్దుగూకే వేళ తలుపు మీద చప్పుడు. టక్, టక్.

"వాళ్లే కొడుతున్నారు. కొట్టుకోనీ! ముందు మనమెందుకు తియ్యాలి?" అన్నారు ఇటువైపు. అటువైపు వాళ్లూ అచ్చం అదే అన్నారు.

ఒక సాయంత్రం అమ్మ లేవలేకపోయింది. అమ్మాయి ఉండబట్టలేక పరుగెత్తి గడియ తీసింది. అవతల కూడా గడియ తీసిన చప్పుడైంది. ఎదురుగా ఒక ముసలమ్మ. ఈమధ్యే కొడుకు పోయాడట.

"కొట్టింది నువ్వేనా అమ్మా?"

"లేదు మామ్మా. నువ్వు కాదూ?"

ఇద్దరూ చూస్తుండగానే, తెరిచిన తలుపు మీద మళ్లీ టక్, టక్. అక్కడ ఎవరూ లేరు.

"మనవాళ్లేనే తల్లీ," అంది ముసలమ్మ. "పోయినవాళ్లు. వాళ్లకీ ఎవరూ అన్నం తేలేదుగా."

ఎవరింట్లో వాళ్లు, ఎదుటింటి కోసం ఎసరు పెట్టారు. పుల్లలు అంటుకోలేదు. చివరికి ఆ తలుపునే చీల్చి పొయ్యిలో పెట్టారు. భగ్గున మండింది.

ముసలమ్మ వేడన్నం తెచ్చి అమ్మకి ముద్దలు పెట్టింది. అమ్మ కళ్లు తెరిచి, "ఉప్పు తక్కువైంది," అంది. అమ్మాయి భోరున ఏడ్చింది.

ఏడాదికి దాత వచ్చాడు. గోడలో ఖాళీ ఉంది, తలుపు లేదు.

"నా తలుపేదమ్మా?"

"వంటకైపోయిందండీ." రెండు వీధుల మీదా పొగ లేస్తోంది. అమ్మాయి లోపలికెళ్లి అన్నం గిన్నె తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. చేతిలో పెట్టగానే అది చల్లబడిపోయింది.

"మా ఇంట్లోనూ మనిషి పోయి, పొయ్యి అంటుకుని చాన్నాళ్లయిందమ్మా," అన్నాడు దాత, గిన్నెలోకి చూస్తూ.

"మీకు ఎదురువీధి ఎవరండీ?"

దాత గిన్నె పట్టుకుని రెండు వీధుల వైపూ చూశాడు. గోడ ఖాళీలో, లేని తలుపు మీద, టక్, టక్‌మని వినిపించింది.