కుంపటిగుట్ట మీద ఎదురొచ్చిన అమ్మ

కనుమ ఎక్కి కుంపటిగుట్ట చేరే యాత్రికులకు మొదట కనిపించేది అమ్మవారి ముఖమే. గ్రామదేవత అన్నాక ఊరిని చూడాలి గదా, ఈ తల్లి ఊరికి వీపుపెట్టి దారివైపు చూస్తున్నదేమిటని కొత్తవారు విస్తుపోతారు. ఆమె పాదాల చెంత ఒక మట్టి కుంపటి ఉంటుంది. అందులోని నిప్పును ఎన్నడూ ఆరనివ్వరు. ఈ రెండింటికీ కారణం ఒక ఆడపిల్ల మొండితనం.

పూర్వం ఇక్కడ పొలిమేర రాయి ఉండేది. అమ్మవారు ఆ రాయికి లోపల, ఊరివైపు తిరిగి ఉండేది. తూర్పున రాజులు కొట్టుకుంటూ పల్లెలను తగలబెడుతున్న కాలమది. పూచీపడే మనిషి లేనిదే పరాయివారు రాయి దాటరాదని ఊరి కట్టుబాటు. ఆ రోజుల్లో కోనమ్మ అనే కుమ్మరి పిల్ల, పట్టుమని పదిహేనేళ్లయినా లేనిది, ఒంటరిగా వచ్చి రాయి దగ్గర నిలబడింది. నెత్తిన పిడకల తట్ట, ఒక చేత కర్ర, మరో చేత నిప్పుల కుంపటి.

పెద్దకాపు బసివిరెడ్డి రోజూ వచ్చి అవే ప్రశ్నలు వేసేవాడు. ఏ ఊరు? ఎందుకొచ్చావు? నీకు పూచీ ఎవరు? ఊరు కాలిపోయిందని, నావాళ్లంటూ ఎవరూ మిగల్లేదని ఆమె రోజూ అదే చెప్పేది. మాట మార్చలేదు, కాళ్లావేళ్లా పడలేదు. పెద్దకాపు చెడ్డవాడేం కాదు, ఒట్టి పిరికివాడు. దోపిడీ మూకలు ముందుగా ఇలాగే నిప్పిచ్చి మనిషిని పంపుతాయేమోనని ఆయన బెంగ.

"ఆ నిప్పు ఆర్పెయ్, లోపలికి రానిస్తాం" అన్నాడు చివరికి.

"ఇది మా అమ్మ పొయ్యిలోది అయ్యా. మా ఊళ్లో మిగిలింది ఇదొక్కటే. దీన్ని ఆర్పుకుని లోపలికొచ్చి నేనేం చేసుకోను?" అంది కోనమ్మ.

ఔరా, కడుపులో మెతుకు లేని పిల్లకు ఎంత గుండె!

ఇంతలో పట్టపగలే చీకటి కమ్మి కుండపోతగా వాన పడింది. అందరూ ఇళ్లకు పరుగెత్తారు. కోనమ్మ కుంపటి మీదికి వంగి వీపునే కప్పుగా చేసింది. పిడకలు తడిసిపోతే చేతికర్ర విరిచి నిప్పులో వేసింది. అదీ అయిపోతే తట్టను విరిచి వేసింది.

వాన వెలిశాక జనం తిరిగి వచ్చి చూశారు. అమ్మవారు రాయి దాటి, దారివైపు తిరిగి, ఆ పిల్ల మీదికి చూరులా వంగి ఉంది. కుంపటి కణకణలాడుతోంది. అప్పుడే బసివిరెడ్డి తల్లి సుంకులవ్వకు పూనకం వచ్చింది.

"నాకెవడు పూచీపడ్డాడురా? నేనూ ఈ దారినే దిక్కులేక వచ్చినదాన్ని. మీ తాత ఎదురొచ్చి పిలిచాడు. నువ్వు పిలవలేదు గనక నేనే ఎదురొచ్చాను!"

బసివిరెడ్డి రాయి దాటి వెళ్లి కోనమ్మ తలపై చేయి వేసి, "ఈ బిడ్డకు నేను పూచీ" అన్నాడు.

నేటికీ జాతరలో తొలి పొంగలి ఆ నిప్పు మీదనే, ఆ ఏడు ఊరికి కొత్తగా వచ్చినవారి చేతనే వండిస్తారు. ఊరివారొకరు వారి తలపై చేయి వేసి ఆ మాటే అంటారు. వారు తిన్నాకగానీ ఏ ఊరని అడగరు. ఈ కథ నమ్మనివారు కూడా పొంగలి మాత్రం మారు వడ్డించుకుంటారు, అది వేరే సంగతి. పూజ చేసేది కోనమ్మ వంశపు ఆడపడుచులే. వారు కుంపటి బూడిద నుదుట పెట్టి దీవించే మాట ఒక్కటే: "ఎక్కడున్నా నీ పొయ్యి చల్లారకుండు గాక."