కొత్త ప్రాసెసరు, పాత మలుపు

అనగనగా ఒక పట్నం. ఆ పట్నం పేరు కనకవల్లి. రాజులు పోయారు, రథాలు పోయాయి, గుర్రాలూ పోయాయి గానీ పందేల పిచ్చి మాత్రం ఎక్కడికీ పోలేదు పిల్లలూ! పాత రథాలన్నీ కార్లయిపోయి కంప్యూటర్లలో దూరాయి, అంతే తేడా.

ఆ పట్నంలో మస్తాన్, వల్లభుడు అని ఇద్దరు స్నేహితులు ఉండేవాళ్లు. మస్తాన్ తండ్రితో కలిసి పరుపులు కుట్టేవాడు. వల్లభుడికి మేడమీద గదిలో ఆటల కంప్యూటరు ఉండేది. దానికి స్టీరింగు బిగించుకున్నాడు, కాళ్ల కింద బ్రేకు అమర్చుకున్నాడు. వాళ్లాడేది కొండదారి కారు పందెం. అందులో ఒకడు నడపాలి, పక్కవాడు రాబోయే మలుపులు ముందుగా చెప్పాలి. వల్లభుడు నడిపేవాడు, మస్తాన్ చెప్పేవాడు.

"కుడికి తిప్పు... ఇప్పుడు ఎడమకి... ఒరే, ముందు లోయ ఉంది, బ్రేకు కొట్టు!"

మస్తాన్‌కి సొంత కంప్యూటరు లేదు. కావాలని కూడా లేదు. పగలంతా దూదిలో మునిగి తేలినవాడికి, సాయంత్రం ఆ పక్క కుర్చీలో కూర్చుంటే చాలు, ప్రాణం లేచొచ్చేది. చిన్నప్పటినుంచీ వాడికున్న స్నేహితుడు వల్లభుడొక్కడే. ఆ ఒక్కడూ ఎక్కడ దూరమైపోతాడోనని లోపల ఒకటే దిగులు.

వల్లభుడికేమో ఒక జబ్బు ఉంది. చెబితే వినడు. బ్రేకు కొట్టమంటే ఇంకాస్త వేగం పెంచుతాడు. అలా పెంచి పెంచి, మొదటి పోటీలో కారును పాము మలుపు దగ్గర లోయలో పడేశాడు.

"చూశావురా మస్తానూ! నేను బ్రేకు కొట్టాను, కంప్యూటరే ఆలస్యంగా అందుకుంది. ప్రాసెసరు ముసలిదైపోయింది."

ప్రాసెసరంటే కంప్యూటరుకు మెదడు లాంటిది. పాపం, అది ఏ తప్పూ చెయ్యలేదు. వల్లభుడి కాలు బ్రేకు మీదకు పోనేలేదు. మస్తాన్ కళ్లారా చూశాడు. కానీ స్నేహితుడి మొహం చూస్తే ఇంత చిన్నదైపోయి ఉంది. ఎలా చెప్పేది?

"అవున్రా, నేనూ చూశాను. అందుకోలేదు," అన్నాడు.

ఆడలేక మద్దెల ఓడు అనేవాళ్లు లోకంలో కొల్లలు. పక్కన కూర్చుని "అవునండీ, మద్దెలదే తప్పు" అని సాక్ష్యం చెప్పేవాణ్ణి ఏమనాలి? మంచివాడనాలా? నా నోటికైతే ఆ మాట రావడం లేదు.

రెండో పోటీలోనూ అదే మలుపు, అదే లోయ. ఈసారి చుట్టూ చేరిన కుర్రాళ్లు పకపకా నవ్వారు. వల్లభుడి చెవులు ఎర్రబడ్డాయి.

"నేను బ్రేకు కొట్టాను, కావాలంటే మస్తాన్‌ని అడగండి! వాడు నా పక్కనే ఉన్నాడు," అని అరిచాడు.

అందరూ మస్తాన్ వైపు తిరిగారు. "మావాడు ముందే కొట్టాడు. తప్పంతా ప్రాసెసరుది," అన్నాడు మస్తాన్. వల్లభుడు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి బరువుకే మస్తాన్ పొంగిపోయాడు, వెర్రినాగన్న!

మర్నాడు రాత్రి వల్లభుడు భోజనానికి కిందికి వెళ్లాడు. మస్తాన్ ఊరుకోలేక నడిపేవాడి కుర్చీలో కూర్చుని అదే కొండదారి ఎక్కాడు. పాము మలుపు వచ్చింది. బ్రేకు కొట్టాడు. కారు బుద్ధిగా వేగం తగ్గించుకుని, వంపు తిరిగి, చక్కా కొండ దిగిపోయింది. కంప్యూటరుకు ఏ రోగమూ లేదని తేలిపోయింది. మస్తాన్‌కి ముందు సంబరమేసింది, ఆ వెంటనే తాను చెప్పిన అబద్ధం గుర్తొచ్చింది. మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే ఆట కట్టేసి, గబుక్కున తన కుర్చీలోకి వచ్చి పడ్డాడు.

"ఒరే, ప్రాసెసరు మార్చేద్దామనుకుంటున్నాను," అన్నాడు వల్లభుడు. మస్తాన్ తలూపాడు.

కొట్టుకు వెళ్లి అడిగారు. కొత్త ప్రాసెసరు పాత బోర్డులో కూర్చోదట. బోర్డు మార్చాలి. బోర్డు మారిస్తే పాత మెమరీ పనికిరాదట. అదీ మార్చాలి. గోచీని ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లిని, పిల్లికి పాల కోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి సంసారంలా తయారైంది వ్యవహారం. అంత సొమ్ము ఎక్కడిది? వల్లభుడు తన మోటారుసైకిలు అమ్మేస్తానన్నాడు.

అప్పుడు వాళ్లమ్మ కామేశ్వరమ్మ మస్తాన్‌ని గుమ్మంలో ఆపింది.

"నాయనా మస్తానూ, ఆ బండి వీళ్ల నాన్న ముచ్చటపడి కొనిచ్చింది. వీడి మాట నేను నమ్మను. నువ్వు చెప్పు, నమ్ముతాను. ఆ కంప్యూటరుకు నిజంగా రోగమేనా?"

ఆవిడ వెనకాల వల్లభుడు నిలబడి మస్తాన్ కళ్లలోకే చూస్తున్నాడు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట! ఆ ఒక్క మాట అనేస్తే బండి మిగిలేది, పరువు మిగిలేది, ఏమో, స్నేహం కూడా మిగిలేదేమో. కానీ మొహమాటం అడ్డొచ్చింది.

"రోగమే పిన్నీ. మార్చక తప్పదు."

ఆవిడ నిట్టూర్చి లోపలికి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా బండి అమ్ముడుపోయింది.

కొత్త ప్రాసెసరు వచ్చింది. ఆహా, ఏం వేగం! మూడో పోటీ పట్నం నడిబొడ్డున, పెద్ద తెర మీద జరిగింది. కనకవల్లి కనకవల్లంతా వచ్చి కూర్చుంది. వల్లభుడు స్టీరింగు పట్టాడు. పాము మలుపు ఇంకా అల్లంత దూరాన ఉండగానే మస్తాన్ గొంతెత్తాడు.

"ముందు లోయ! బ్రేకు కొట్టు! ఒరే, కొట్టరా!"

వల్లభుడు వేగం పెంచాడు. కారు లోయలో పడింది. ఎక్కడా తడబడకుండా, ఎక్కడా ఆగకుండా, ఎంత శుభ్రంగా పడిందో! పాత ప్రాసెసరు మీద అంత అందంగా ఎప్పుడూ పడలేదు.

వల్లభుడు అలవాటుగా నోరు తెరిచాడు, మళ్లీ మూశాడు. ప్రాసెసరు కొత్తది. బోర్డు కొత్తది. మెమరీ కొత్తది. ఇంక అక్కడ పాతది ఏం మిగిలింది? పక్క కుర్చీలో మస్తాన్ మిగిలాడు.

"నువ్వు ఆలస్యంగా చెప్పావు," అన్నాడు వల్లభుడు.

మస్తాన్ కుర్చీలోంచి లేచాడు. "ముందే చెప్పానురా! ఎప్పుడూ ముందే చెప్పాను. నువ్వే బ్రేకు కొట్టవు. పాతదాని మీద నేను నడిపి చూశాను, బాగానే ఆగింది!"

"ఏమిటీ? అది పాడైందని నువ్వే కదరా అందరిముందూ చెప్పావు? మా అమ్మతో కూడా చెప్పావు! అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్పేది అబద్ధమా?"

మస్తాన్ ఏం చెబుతాడు? ఏది చెప్పినా తాను అబద్ధాలకోరే. జనంలో ఎవరో "పక్కవాడు సరైనవాడు కాకపోతే ఇంతే" అన్నారు. వెనక వరసలో కామేశ్వరమ్మ ఉంది. ఆవిడ వాణ్ణి తిట్టలేదు. తల తిప్పుకుంది. వాడికి ఆ తిట్టకపోవడమే ఎక్కువ బాధనిపించింది.

ఆ సాయంత్రం మస్తాన్ నడుచుకుంటూ ఇంటికి పోయి, కుడుతున్న పరుపు మీదే బోర్లా పడి ఏడ్చాడు. మరునాడు మేడమీది గదికి వెళితే, పక్క కుర్చీలో సోమశేఖరం అనే కొత్త కుర్రాడు కూర్చుని ఉన్నాడు. రమ్మన్నవాళ్లు లేరు, కూర్చోమన్నవాళ్లు లేరు. తెర మీద కారు అప్పుడే లోయలో పడింది.

"ఈ స్టీరింగు సరిగ్గా తిరగడం లేదురా," అంటున్నాడు వల్లభుడు.

"అవునన్నా, నేనూ చూశాను," అన్నాడు సోమశేఖరం.

మస్తాన్ సోమశేఖరానికి ఏదో చెప్పబోయాడు. కానీ ఇప్పుడు తన మాట నమ్మేదెవరు? వచ్చిన మెట్లే దిగి వెళ్లిపోయాడు.

కాబట్టి పిల్లలూ, స్నేహితుడి సాకుకు మొహమాటంతో తలూపినవాడు, ఆ సాకు చెల్లని రోజున తానే సాకవుతాడు.