ఏడో సముద్రపు సుడి

అనగా అనగా సముద్రపుటొడ్డున ఒక రాజ్యం. దాన్నేలే రాజు కీర్తిసేనుడు. ఆయనకు ఇద్దరు కొడుకులు, వాళ్ల తర్వాత ఒక కూతురు, వకుళ.

ఏడో సముద్రంలో ఘూర్ణుడనే మాంత్రికుడుండేవాడు. వాడి కోట ముందు పెద్ద సుడి. దగ్గరికొచ్చిన ఓడలన్నీ దాని పాలే. ఒకనాడు వాడు కబురంపాడు: "వకుళను నాకిచ్చి పెళ్లి చెయ్యి. లేదా నా ప్రశ్నకు జవాబు చెప్పేవాణ్ణి పంపు. రెండూ కాదంటే నీ రేవును సుడితో మింగిస్తా."

పెద్దకొడుకు వెళ్లాడు.

"సుడి అంటే ఏమిటి?" అన్నాడు మాంత్రికుడు.

"నెత్తిమీది సుడి. అంటే అదృష్టం."

"అయితే నీ అదృష్టమెంతో చూద్దాం!"

సుడి అతణ్ణి మింగేసింది.

రెండోవాడు వెళ్లాడు. అదే ప్రశ్న.

"సుడి అంటే మృత్యువు."

"అయితే పో, దాని దగ్గరికే పో!"

సుడి అతణ్ణీ మింగేసింది.

రాజు కుమిలిపోయాడు. "ఇక పెళ్లికి ఒప్పుకో తల్లీ" అన్నాడు.

"ఒప్పుకోను నాన్నగారూ. నేనే వెళ్తాను" అంది వకుళ. ఎవరెంత చెప్పినా వినలేదు. పడవెక్కింది.

ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఆరూ దాటింది. ఏడోదాంట్లో ఒక తాబేలు వలలో చిక్కి గిలగిల్లాడుతోంది. వకుళ వల కోసింది.

తాబేలు అంది: "తల్లీ, సుడికి ఎదురీదినవాడు చస్తాడు. ఊపిరి బిగబట్టి దానితోపాటే అడుక్కి దిగు. అక్కడ దానికి బలముండదు. పక్కకి తన్నుకుంటే బయటపడతావు. ఆ అడుగునే గాజు పంజరంలో చిలక ఉంది. మాంత్రికుడి ప్రాణం దాంట్లోనే."

వకుళ కోట ముందుకొచ్చింది.

"సుడి అంటే ఏమిటి?"

"నీళ్లు గిరగిరా తిరిగితే సుడి. అంతకుమించి ఏమీ లేదు. దానికి కోరలు తగిలించింది నీ మాటలే!"

"అయితే దిగు!"

"నువ్వు చెప్పాలా?" అని దూకింది.

నీళ్లు ఆమెను బొంగరంలా తిప్పాయి. ఆమె ఎదురీదలేదు. అడుక్కి దిగింది, పంజరం పట్టింది, పక్కకి తన్నుకుని పైకి తేలింది.

మాంత్రికుడు గజగజ వణికాడు. "చిలకనియ్యి, నీ కాళ్లకు మొక్కుతా!"

"ముందు నువ్వు మింగించిన వాళ్లందర్నీ విడిచిపెట్టు."

వాడు మంత్రం చదివాడు. అన్నలు, ఓడలు, నావికులు అందరూ తేలారు.

"ఇక చిలకనియ్యి!"

"ఇస్తానని నేనెప్పుడన్నాను?" అని వకుళ చిలక మెడ విరిచేసింది. మాంత్రికుడు కూలాడు. సుడి సద్దుమణిగింది. వకుళ వెంటే ఈదుకొచ్చిన తాబేలు, మాంత్రికుడు పెట్టిన శాపం తీరి అందమైన రాజకుమారుడై నిలబడింది.

"నన్ను చేసుకుంటావా?" అని వకుళే అడిగింది.

"నువ్వడగడమే ఆలస్యం" అన్నాడతను నవ్వుతూ.

"సింహాసనం చెల్లెలిదే" అన్నారు అన్నలు. ఊరంతా పచ్చతోరణాలు కట్టి పెళ్లి చేశారు. వాళ్లు ఏలినన్నాళ్లూ ఆ రేవులో ఏ ఓడా ఎవరికీ బెదిరి తెరచాప దించలేదు.