సీమముంగిస, ఆస్థాన నీచుడు

ఏమే లాస్యా, ఆ బుట్ట మూత అస్తమానం తీసి చూడకు. పడుకోనియ్యి దాన్ని. మీ మావయ్య తెచ్చిన దగ్గర్నించీ ఇంటిల్లిపాదీ దాని మొహంలో మొహం పెట్టి కూర్చోవడమే. ఫెరెట్టో, బుర్రెట్టో, నాకు నోరు తిరగదు. మా కాలంలో ఓడ మీద వచ్చిందల్లా సీమదే. సీమచింత, సీమవంకాయ, సీమపంది. కాబట్టి ఇది సీమముంగిస. ఏం పెట్టారు దానికి? పాలూ బిస్కట్టూనా? ముట్టుకోలేదా? ఎందుకు ముట్టుకుంటుంది!

గుండూ, నువ్వూ రా. కాళ్ళు కడుక్కున్నావా? సరే, దుప్పటి లాక్కోండి. ఊ కొట్టాలి మరి. ఊ ఆగితే కథ ఆగిపోతుంది, కథ ఆగితే అందులో ఒక ముసలాయన గోతిలోనే ఉండిపోతాడు. ఆ పాపం మీదే.

అనగనగనగా ఒక ఊరు. ఊరికో రాజు. రాజుకో మీసం. మీసానికో నౌకరు. ఆ నౌకరుకి ఇంకో నౌకరు, నూనెగిన్నె పట్టుకోడానికి. రాజుగారి పేరు చెంగల్వరాజు. ఊరు సముద్రం ఒడ్డున. ఒడ్డు మీద జాలరిపాలెం, మెట్ట మీద కోట. కోటలోకి గాలి రావాలంటే పాలెం మీదుగానే రావాలి. ఆ గాలి వీచినప్పుడల్లా కోటలో వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. భోజనాల వేళ మాత్రం అదే గాలికి ఎదురు చూసేవాళ్ళు. నవ్వకు గుండూ, ఊ కొట్టు.

పొరుగు రాజు దగ్గర తెల్ల నెమలి ఉందని మన రాజుగారికి ఏడుపు. ఎవరి దగ్గరా లేనిది ఏదో ఒకటి తన దగ్గర ఉండాలి. అది పనికొస్తుందా, కరుస్తుందా అన్నది తర్వాతి సంగతి. అలాంటి రోజుల్లో ఒక సీమవర్తకుడు ఓడ దిగి, రాజుగారికి కానుకగా ఒక బుట్ట ఇచ్చాడు. మూత తీస్తే ఇదిగో, ఇదే. చుట్టిన పైపంచె అంత పొడుగు. ముంగిసా కాదు, ఉడుతా కాదు, పిల్లీ కాదు. కళ్ళ చుట్టూ మసి పూసుకున్న దొంగలా నల్లటి పట్టీ. రాజుగారు మురిసిపోయారు. మీసం మురిసింది. మీసాన్ని చూసి నౌకరు మురిశాడు.

ఆ వర్తకుడికి మన మాట కొంచెం వచ్చు, అదీ రేవులో నేర్చుకున్నది. మూడే ముక్కలు చెప్పాడట. ఒకటి, ఇది పగలంతా పడుకుంటుంది, భయపడొద్దు. రెండు, ఇది దొంగబుద్ధిది, కోప్పడొద్దు. మూడు, దీనికి రోజూ నీచు కావాలి, మరవొద్దు. అంతే, గాలి అనుకూలంగా ఉందని ఓడెక్కి వెళ్ళిపోయాడు.

నీచంటే ఏమిటంటావా? అదే కదే కథంతా. ఆగు.

సభ చేశారు. నీచు అంటే ఏమిటి? ఆస్థాన పండితుడు శబ్దశాస్త్రిగారు లేచారు. ఆయన నోట్లో మాట పుడితే మూడు తరాల వంశవృక్షంతో పుడుతుంది. నీచము అను శబ్దమునుండి నీచు కలిగెను, నీచమనగా తక్కువ, కావున ఈ మృగమునకు దినదినమునూ ఒక నీచుడి సన్నిధి అవసరము అని తేల్చారు. సభంతా ఆహా అంది. వెనకాల గరిటె పట్టుకుని నిలబడ్డ వంటవాడికి మాత్రం నీచంటే ఏమిటో బాగా తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాడు. కొలువున్నవాడికి నోరెందుకే!

తిండి సంగతి వర్తకుడు చెప్పలేదు కాబట్టి రాజుగారి పిల్ల తినేదే దీనికీ అన్నారు. బంగారు గిన్నెలో పరమాన్నం, వెండి గిన్నెలో పనసతొనలు, పైన తేనె. అది వాసన చూసింది, తుమ్మింది, ముడుచుకుని పడుకుంది. ఒంటి వాసన పోవాలని మూడు పూటలా పన్నీటితో కడిగారు. కడిగినకొద్దీ ఇంకా కంపు కొట్టింది. మహాప్రభో, ఇది కస్తూరి అన్నాడు మంత్రి మార్కండయ్య, ఊపిరి బిగబట్టి.

ఊ కొడుతున్నారా, నిద్దరోతున్నారా? ఆఁ.

ఇక నీచుణ్ణి వెతకాలి. రాజ్యంలో అందరికన్నా తక్కువవాడు ఎవరయ్యా అని రాజుగారు అడిగారు. అడిగితే, మంత్రి దళవాయి వంక చూశాడు. దళవాయి కరణం వంక చూశాడు. కరణం తలారి వంక, తలారి తోటమాలి వంక, తోటమాలి కోటగోడ దిగువకి, పాలెం వంక చూశాడు. పాలెంలో అందరూ వలల మీద వంగి ఉన్నారు. తెప్ప పక్కన నిలబడి ఉన్నది పోలయ్య ఒక్కడే. నీ వెనకాల ఎవరున్నారో చూపించు అన్నారు. పోలయ్య వెనక్కి తిరిగి చూస్తే సముద్రం. ఇంకెవరూ లేరు. ఇంకేం, నువ్వే అన్నారు.

పోలయ్యకి పట్టా రాసిచ్చారు. మెడలో ఇత్తడి బిళ్ళ వేశారు. బిళ్ళ మీద ఆస్థాన నీచుడు అని చెక్కించారు. బిళ్ళ వేయడానికి మాత్రం ఎవరూ దగ్గరికి రాక, కర్ర చివర తగిలించి వేశారు. కోటలోకి వచ్చేముందు మూడు మునకలు వేయాలి, చేపల వాసన రాకూడదు, తట్ట తేకూడదు అని ఆంక్షలు. పాపం పోలయ్య ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకుని వెళ్ళి బుట్ట పక్కన కూర్చున్నాడు. ఆ జంతువు కళ్ళు తెరిచి, ఆయన గోళ్ళ సందులు నాకడం మొదలెట్టింది. ఎంత రుద్దినా గోళ్ళ సందులో ఎక్కడో కాస్త మిగులుతుంది కదా. చూశారా, నీచసన్నిధి ఎలా పనిచేస్తోందో అన్నారు శాస్త్రిగారు.

కానీ గోళ్ళు నాకితే కడుపు నిండుతుందా? అది రోజు రోజుకీ చిక్కిపోయింది. బొచ్చు రాలింది. రాజుగారికి బెంగ పట్టుకుంది. పొరుగు రాజు చూడ్డానికి వస్తానని కబురు కూడా పెట్టాడాయె. శాస్త్రిగారు మళ్ళీ ఆలోచించి, తప్పు శాస్త్రానిది కాదు, నీచత్వం చాలలేదు, వీడు మనతో సమానంగా నేల మీద కూర్చుంటే ఎలా, ఇంకా కిందికి దించాలి అన్నారు. మోకాటి లోతు గొయ్యి తీసి పోలయ్యని కూర్చోబెట్టారు. గుణం కనబడలేదు. నడుము లోతు తీశారు. గుణం కనబడలేదు. పీక లోతు, ఆపైన రెండు నిలువుల లోతు. చిన్న గొయ్యి తీస్తే రాజుగారి పరువేం కాను అని బండి పట్టేంత వెడల్పు కూడా తవ్వించారు. నిచ్చెన వేసి దించడం, నిచ్చెన లాగెయ్యడం. పున్నమినాటికి జంతువు లేచి తిరిగితే సరే, లేదూ, మట్టి అక్కడే గుట్టగా ఉంది, పోలయ్య గోతిలో ఉన్నాడు, వేరే ఖర్చేం లేదు, పూడ్చేద్దాం అన్నారు రాజుగారు.

ఏడవకు గుండూ. కోడలు ఉందిగా.

పోలయ్య కోడలు నూకరత్నం. తట్ట నెత్తిన పెట్టుకుందంటే రేవు నుంచి సంత దాకా ఆమె నోటికి ఎదురు లేదు. మామకి చద్దన్నం మూట పట్టుకుని వచ్చి, గోతిలోకి తొంగి చూసి, అయ్యో మామా, సముద్రంలో కూడా ఇంత లోతుకి దిగలేదు కదా నువ్వు అంది. తెప్పకి తాడు అరిగిపోయింది చూసుకోండమ్మా అన్నాడట పోలయ్య, గోతిలోంచి. ఆయన బెంగ ఆయనది.

నూకరత్నం గుమ్మం కాపలావాణ్ణి పట్టుకుంది. ఏరా అన్నయ్యా, ఆ వర్తకుడు అన్న మాట ఏదో నువ్వు విన్నావా అంది. విన్నాను, దీనికి రోజూ నీచు కావాలన్నాడు అని చెప్పాడు వాడు. అంతే, నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నవ్వి నవ్వి గోడకి జారబడింది. తర్వాత ఏడ్చింది. ఎందుకంటే ఆ వర్తకుడికి ఆ మాట నేర్పింది ఆవిడే. ఓడ రేవులో ఉన్నన్నాళ్ళూ రోజూ తట్ట దగ్గరికి వచ్చి, అక్కా, నీచు ఉందా అని అడిగి, చేపలు కొనుక్కుపోయేవాడు. అవునే లాస్యా, నీచంటే చేపే! చేపో, మాంసమో, ఏదైనా నీచే. పాలెంలో పాకే పసివాడికి తెలిసిన మాట.

మరి రాజుగారితో చెప్పేయొచ్చుగా అంటావు. కాపలావాడూ అదే అన్నాడు. నూకరత్నం ఏమందో తెలుసా? "శాస్త్రిగారు తప్పన్నాడని నేనంటే, ఆ తప్పుని నిలబెట్టుకోడానికి మా మామని ఇవాళే పూడ్చేస్తారన్నయ్యా. పెద్దోళ్ళ తప్పు పెద్దోళ్ళ చేతే దిద్దించాల."

మర్నాడు తట్టతో కోట ముందు నిలబడి వంగి వంగి దణ్ణాలు పెట్టింది. ప్రభువుల మాట నిజమే, మా మామ నీచత్వం చాలదు, బిళ్ళ వేసిన దగ్గర్నించీ మరీ గొప్పవాడైపోయాడు, గోతిలో అంబలి తాగుతూ కూడా బిళ్ళ సవరించుకుంటున్నాడు. నా తట్టలో అంతకన్నా తక్కువది ఉంది. గొయ్యి కన్నా కింద, నేల కన్నా కింద, సముద్రం అడుగున బురదలో పుట్టి బురదలో పెరిగింది, దాని కిందికి ఇంకేమీ లేదు అంది. శాస్త్రిగారి మొహం వెలిగిపోయింది. అధమాధమం! నేను చెప్పిందదే అన్నారు.

తట్ట మీద గుడ్డ తీసిందో లేదో, బుట్టలోంచి ముక్కు లేచింది. ముక్కు వెనక మీసం, మీసం వెనక మెడ, మెడ వెనక నడుము, నడుము వెనక తోక. గెంతి చేప నోట కరుచుకుంది. తింది, మూతి తుడుచుకుంది, ఇంకోటి తింది. తిని, వీపు విల్లులా వంచి పక్కకీ వెనక్కీ డకడకమంటూ గెంతులు మొదలెట్టింది. దానికి సంతోషం వస్తే అంతే. దయ్యం పట్టిందనుకుని శాస్త్రిగారు పావుకోళ్ళు వదిలేసి పరుగు.

ఇక పోలయ్యని పైకి తీస్తారనుకున్నారు కదూ? తియ్యలేదు! మందు గుణమిస్తుంటే అది నూరిన కల్వం పారేస్తామా, చేపా నీచమే, పోలయ్యా నీచమే, రెండూ కలిసి పనిచేస్తున్నాయి, ఉండనివ్వండి అన్నారు శాస్త్రిగారు. పున్నమి దాటినా ముసలాయన గోతిలోనే.

కానీ వర్తకుడు రెండో మాట ఒకటి చెప్పాడు, గుర్తుందా? ఏం చెప్పాడు? ఆఁ, దొంగబుద్ధి. కడుపు నిండాక దానికి బుద్ధి తిరిగొచ్చింది. శాస్త్రిగారి పావుకోడు మాయం. మంత్రి ముక్కుపొడుం డబ్బా మాయం. దళవాయి చెప్పు మాయం. కరణం గంటం, తలారి తలపాగా, ఒక్కొక్కటే మాయం. ఆఖరికి రాజుగారి ముద్దుటుంగరం మాయం. ఉంగరం లేకపోతే ఆజ్ఞకి ముద్ర పడదు, ముద్ర లేకపోతే రాజు మాట ఎవడు వింటాడు? వెతగ్గా వెతగ్గా తెలిసిందేమిటంటే, ఆ దొంగముండ గోతి గోడలో బొరియ తవ్వుకుని, అన్నీ తీసుకెళ్ళి పోలయ్య పక్కన దాచిపెట్టింది. దానికి కోటలో నచ్చిన చోటు అదొక్కటే.

ఉంగరం తెమ్మని తలారిని దించారు. వాడు తన తలపాగా వెతుక్కుంటూ ఉండిపోయాడు. వాణ్ణి కేకలేయడానికి కరణం దిగాడు. కరణం ఏం నొక్కేస్తాడోనని దళవాయి దిగాడు. దళవాయి మీద నమ్మకం లేక మంత్రి, మంత్రి మీద నమ్మకం లేక రాజుగారు, పావుకోడు కోసం శాస్త్రిగారు. అందరూ నిచ్చెన దిగారు. నూకరత్నం ఏం చేసిందీ? నిచ్చెన పైకి లాగేసింది! వంటవాడు చూశాడా అంటే, చూళ్ళేదు. ఆ వేళకి అతను ఆకాశంలో కాకుల్ని లెక్కపెడుతున్నాడు. కాపలావాడు కూడా సాయం లెక్కపెడుతున్నాడు.

గోతి అంచున కూర్చుని నూకరత్నం అడిగింది. "రాజుగారండీ, గోతిలో ఉన్నోడే నీచుడని గదా శాసనం. ఇప్పుడు లోపల ఏడుగురున్నారు. ఆ వర్తకుడు చెప్పింది మీలో ఎవరి సంగతో తేల్చండి బాబూ, నిచ్చెన వేస్తాను."

రాజుగారు మంత్రి వంక చూశారు. మంత్రి దళవాయి వంక చూశాడు. దళవాయి కరణం వంక, కరణం తలారి వంక, తలారి పోలయ్య వంక. పోలయ్య కిందికి చూశాడు. ఆయన చూశాడని అందరూ కిందికి చూశారు. అక్కడ ఇంకెవరూ లేరు. ఎవరి కాళ్ళు వాళ్ళకి కనిపించాయి, అంతే.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. రాజుగారికి ఆకలేసింది. మీసం జారింది, నౌకరు పైన ఉండిపోయాడాయె. ఆఖరికి నోరు తగ్గించి, అమ్మా, అసలు నీచంటే ఏమిటి అని అడిగారు. "చేప బాబూ. వట్టి చేప," అంది నూకరత్నం. మరి నీకు తెలియదా అని రాజుగారు పోలయ్య మీదికి లేచారు. "నాకు మీరు చెప్పింది నీచుడని గదా బాబూ. నీచని ఒక్క ముక్క అనుంటే, తట్టెడు తెచ్చి పడేసి నా ఏటకి నేను పోదును," అన్నాడు పోలయ్య.

ముందు పైన వంటవాడు నవ్వాడు. తర్వాత రాజుగారు నవ్వారు. రాజుగారు నవ్వాక అందరికీ నవ్వొచ్చింది. నిచ్చెన వేశారు. పోలయ్య ముందెక్కి ఒక్కొక్కరికీ చెయ్యందించాడు. కర్ర చివరతో బిళ్ళ తగిలించినవాళ్ళందరూ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని పైకొచ్చారు. శాస్త్రిగారు ఆఖరు. నీచంటే చేప అని మూడుసార్లు గట్టిగా చెబితేనే నూకరత్నం నిచ్చెన వదిలింది. ఆయన చెప్పాడు. చెప్పి, మూడోసారికి సంధి కూడా కలిపాడు. అలవాటు కదా!

ఆ రోజు నుంచీ రోజూ పొద్దున్నే నూకరత్నం తట్ట రాజద్వారంలోంచే లోపలికి వెళ్ళింది. పోలయ్య తెప్పకి కొత్త తాడు వచ్చింది. గొయ్యి సీమముంగిసకి ఇల్లయింది. దాచినవన్నీ దొరికాయి గానీ, ఆ ఇత్తడి బిళ్ళ మాత్రం దొరకలేదు. మళ్ళీ ఎవరి మెడలో తగిలిస్తారోనని అదే ఎక్కడో లోతుగా పాతిపెట్టి ఉంటుంది. జంతువు కదా, మనకన్నా తెలివి ఉంటుంది.

చూశారా, ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకుంటే ముద్దు చేసే ముందు అదేం తింటుందో అడగాలి. తెలిసినవాళ్ళని అడగాలి. తెలిసినవాళ్ళు ఎప్పుడూ పై మెట్టు మీదే ఉండరు.

ఏమిటే లాస్యా? మనింట్లో నీచు వండరుగా, దీనికెలా అంటావా? అదీ అడగాల్సిన మాట. రేపు పొద్దున్న మన వీధిలోకి చేపల తట్ట వస్తుంది చూడు, పద్మావతని. ఇన్నేళ్ళుగా మన గుమ్మం దాటేటప్పుడు ఆవిడ ఎందుకు గొంతు తగ్గిస్తుందో తెలుసా? నేనే ఒకసారి గదమాయించాను. శాస్త్రిగారి గోతిలో నేనూ కాసేపు నిలబడ్డదాన్నేనే. రేపు నువ్వే గేటు తీసి, అత్తా, లోపలికి రండి, మా సీమముంగిసకి ఏం పెట్టాలో చెప్పండి అని పిలు. కుర్చీ నేను వేస్తాను.

కథేమో కంచి దారి పట్టింది, మనమేమో దుప్పట్లోకి. గుండూ... ఊ కొట్టడం ఎప్పుడు మానేశావురా? సరేలే, ముసలాయన పైకి వచ్చేశాడు. పడుకో.