గడ్డి నింపిన కంట్లం

పీరయ్య మేస్త్రిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. చేతిలో బండ దించి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి కుదిరేదాకా నిలబడేవాడు. ఆ తర్వాత గూడా నోటితో చెప్పేది తక్కువే. అడిగినవాడిని ఎక్కడికో తీసుకుపోయి, ఏదో ఒకటి చూపించి, తిరిగొచ్చి పనిలో పడేవాడు. అర్థమైతే అయినట్టు, కాకుంటే వాడి ఖర్మ.

మా నాపరాతి గనిలో కొత్తగా చేరినవాడు ఎవడైనా ముందు ఆయన చేతికింద నేర్చుకోవాలి. యజమాని పెట్టిన నియమం కాదది. యజమానికి అదంతా పొద్దు పోగొట్టడమే. కూలివాళ్లం మాకు మేమే పెట్టుకున్నాము. విరిగిపోయి ఎందుకూ పనికిరాని బండ ఒకటి మేస్త్రి పక్కన పెట్టుకునేవాడు. దాన్నే ఎత్తించి, దాన్నే మోయించి, దాన్నే దించించేవాడు. మోకాళ్లు వంగాలి గానీ నడుము వంగకూడదు. బండను అంచు మీద నిలబెట్టి, ఒంటికి ఆనించుకుని మోయాలి. పక్కకు తిరగాలంటే పాదాలు తిరగాలి, నడుము మెలితిరగకూడదు. వీటన్నిటికంటే ముందు, వెనక పట్టినవాడు "సిద్ధమా?" అని అడగాలి. ముందువాడు "సిద్ధం" అనేదాకా వేలు గూడా కదలకూడదు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికే. లారీల వాళ్లు దీన్ని చూసి నవ్వేవాళ్లు. పీరయ్య బడి అని పేరు గూడా పెట్టినారు. నవ్వినవాళ్లు ఎవరెవరో నాకు బాగా గుర్తు. వాళ్లలో ఈరోజు నిటారుగా నిలబడి నవ్వగలిగినవాడు ఒక్కడూ లేడు.

సుంకన్న అని ఒకడు కొత్తగా వచ్చినాడు. ఎద్దులాంటి మనిషి. ఇంట్లో పెండ్లానికి నెలలు నిండినాయి. మేస్త్రి దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ సగం కూలే. లారీలకు బండలెత్తే పనికి పోతే నిండు కూలి. పైగా అక్కడ, బండను ఎవరి సాయమూ లేకుండా వీపు మీదికి ఎత్తుకున్నవాడికి ఒంటెత్తు మొనగాడని పేరొస్తుంది. మధ్యాహ్నం లారీ వస్తుంది. ఎక్కి పోవాలా, ఇక్కడే ఉండాలా అని పొద్దుటి నుంచి వాడు నలిగిపోతున్నాడు. ఆ ధ్యాసలో, అడగాల్సిన మాట అడగకుండానే బండను ఒక్క గుంజు గుంజినాడు. ముందు పట్టుకున్న మేస్త్రి వేళ్లు నలగబోయి తప్పినాయి.

"దించు. మళ్లా మొదట్నుంచి" అన్నాడు మేస్త్రి.

సుంకన్న బండను ధబీమని వదిలేసినాడు. "మేస్త్రీ, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. బరువెత్తేదానికి గూడా బడి ఏంది? ఒంట్లో సత్తువ ఉంటే చాలదా? గాడిద మోస్తాండాది గదా, దానికి ఎవురు నేర్పినారు?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వినారు. మేస్త్రి నవ్వలేదు, కోప్పడనూ లేదు. అలసిపోయిన మనిషికి కోపం గూడా బరువే. నడుము మీద చెయ్యి పెట్టుకుని, ఊపిరి కుదిరినాక, "రా" అన్నాడు.

గని వెనక ఇసుక వాగు ఉంది, దాన్నే వంక అంటాము. ఆ వంకలోంచి ఈరన్న అనే ఆయన గాడిదల మీద ఇసుక తోలుతాడు. వీపుకు రెండు పక్కలా వేలాడే గోనె కంట్లాల నిండా ఇసుకతో గాడిదలు గట్టెక్కుతున్నాయి. వాటి మధ్య ఒక పడుచు గాడిద, నిగనిగలాడుతోంది. దాని కంట్లంలో ఇసుక లేదు, ఎండుగడ్డి కుక్కి ఉంది. ఈరన్న దాని మెడ మీద చెయ్యి వేసి, ఒక ముసలి గాడిద వెనకే మెల్లగా నడిపిస్తున్నాడు.

సుంకన్న నవ్వు ఆపుకోలేకపోయినాడు. "ఏంది ఈరన్నా, ఇదేమన్నా మీ ఇంటికొచ్చిన కొత్తల్లుడా? ఇంత దిట్టమైనదాంతో గడ్డి మోయిస్తాండావు!" అని, అక్కడున్న ఇసుక మూట ఒకటి ఎత్తి దాని వీపు మీద వేయబోయినాడు. వేయలేదు. అంతకుముందే ఈరన్న చేతికర్ర వాడి మోచేతి మీద పడింది.

"యెవుర్రా నువ్వు! మా ఇంటిదాని కమ్మలు అమ్మి కొన్న గాడిద రా ఇది. దీనికింకా ఎముక ముదరలా. గట్టు మీద కాలు యాడ పెట్టాల్నో తెలీదు. నడుము పడిపోతే ఇంకోటి మీ నాయన కొనిస్తాడా?"

సుంకన్న మోచెయ్యి రుద్దుకున్నాడు. "మరి ఎన్నాళ్లు నేర్పుతావు?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అది నేర్చుకునేదాకా" అన్నాడు ఈరన్న, వాడి ముఖం గూడా చూడకుండా. గడ్డిని రెండు పక్కలా సమంగా సర్ది, గాడిద వీపు ఒకసారి నిమిరి, నడిపించుకుని పోయినాడు.

ఇద్దరూ గనికి తిరిగొచ్చేసరికి లారీ వచ్చి నిలబడి ఉంది. లారీ గుమాస్తా నీడన నిలబడి కేకలేస్తున్నాడు. "ఒంటిగా ఎత్తేవాళ్లు ఎవురన్నా ఉంటే రాండప్పా! ఒక మనిషి తక్కువైనాడు."

"మీకు నారాయుడు ఉండాడు గదా?" అని అడిగినాడు సుంకన్న. నారాయుడంటే చుట్టుపక్కల గనులన్నిటికీ తెలిసిన ఒంటెత్తు మొనగాడు. సుంకన్న వాడిని చూసే లారీ పనికి ఆశపడినాడు.

"వాడా? బండతోనే పక్కకు తిరగబోయి కూలబడినాడు. మంచం మీద ఏసుకోని పోయినారు, లేస్తాడో లేదో." గుమాస్తా చెవిలో వేలు పెట్టి తిప్పుకున్నాడు. "వాడు గాకుంటే ఇంకొకడు. నువ్వు రాగూడదా? ఎద్దు మాదిరి ఉండావు. జల్దీ చెప్పు, ఎండ ముదురుతాంది."

సుంకన్న తల తిప్పి వంక దిక్కు చూస్తూ ఉండిపోయినాడు. గట్టు పైన ఆ పడుచు గాడిద, దాని పక్కనే ఈరన్న తలపాగా, ఇక్కడికి కనిపిస్తున్నాయి. గుమాస్తా కాసేపు చూసి, "సరే, ముసలోడి బడిలోనే పండుకో" అని ఉమ్మేసి, ఇంకొకడిని కేకేసేదానికి పోయినాడు.

సుంకన్న విరిగిన బండ దగ్గరికి వచ్చి, మోకాళ్లు వంచి, వెనక అంచు పట్టుకున్నాడు. ముందు అంచు దగ్గర మేస్త్రి మెల్లగా కూర్చున్నాడు.

"మేస్త్రీ, ఈరన్నకు ఆ గాడిదంటే అంత పాణమా?"

మేస్త్రి ఊపిరి కుదిరేదాకా ఆగినాడు.

"పాణం గాదు రా. కొన్నాడు" అన్నాడు. "నిన్ను ఎవురూ కొనలేదు గదా. ఊ, సిద్ధమా అని అడుగు."